నీలి గీతకు అటూ ఇటూ

ఈమధ్య పెళ్ళి వీడియోలు చూస్తుంటే ఒక నీలి గీత నన్ను వదలడం లేదు. పెళ్ళికూతురు మెట్లు దిగి వస్తుంటుంది. వెనకాల ఎక్కడో షాండ్లియర్ వెలుగుతుంటుంది. ఆ వెలుగులోంచి సన్నటి నీలి రేఖ ఒకటి తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా సాగిపోతుంది. పైనా కిందా నల్లటి పట్టీలు. మొన్న మా పిన్ని మనవరాలి పెళ్ళి టీజరులో, మామిడితోటలో మిట్టమధ్యాహ్నం తీసిన షాటులో కూడా అదే గీత కనిపించింది. దగ్గర్లో దీపం లేదు, అద్దం లేదు, గీత మాత్రం ఉంది. వీడియో తీసిన కుర్రాణ్ణి అడిగితే, అది ఎడిటింగులో వేశామండీ, సినిమాటిక్‌గా ఉంటుందని పిల్లలే అడిగి వేయించుకుంటున్నారు అన్నాడు. అతని పనితనం మీద నాకు గౌరవమే. తెల్లవారుజాము ముహూర్తానికి రాత్రంతా మేలుకుని, భుజం మీద కెమెరా దించకుండా తీశాడు. అయినా ఆ గీత మనసులో అలా ఉండిపోయింది. వెలుగే లేనిచోట వెలుగు మరక పెట్టుకోవాలని మనకెందుకు అనిపిస్తోంది? ఆ మరకలో మనం ఏ సినిమాను గుర్తుపడుతున్నాం?

గీత పుట్టే చోటు నేను ఒకసారి దగ్గరగా చూశాను. హైదరాబాద్ కృష్ణానగర్‌లో కెమెరాలు అద్దెకిచ్చే ఒక చిన్న ఆఫీసులో, ఫోకస్ పుల్లర్‌గా, అంటే షాటు నడుస్తుండగా ఫోకస్ తిప్పేవాడిగా పనిచేసే స్నేహితుడు నా చేతిలో ఒక అనమార్ఫిక్ లెన్సు పెట్టాడు. రెండు చేతులూ కావాల్సినంత బరువు. ముందువైపు నుంచి లోపలికి చూస్తే, వెలుగును రానిచ్చే రంధ్రం గుండ్రంగా లేదు, నిలువుగా కోలగా సాగి ఉంది. అదే లెన్సును తిప్పి వెనక నుంచి చూస్తే మామూలుగా గుండ్రంగానే ఉంది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ కోల. ముందున్న గాజుకు వంపు అడ్డంగా మాత్రమే ఉంటుంది, నిలువుగా ఉండదు, దాని మాయ ఇదంతా అన్నాడతను. తర్వాత లెన్సును కెమెరాకు బిగించి, ఫోన్ టార్చి వెలిగించి దానికేసి పట్టాడు. మానిటర్ మీద నీలి గీత అడ్డంగా బద్దలైంది. టార్చి కొద్దిగా కదిపితే గీతా కదిలింది, చేతిని పైకెత్తితే అదీ పైకి లేచింది. గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకున్న వెలుగు, ఆ ఒంటివైపు వంపు వల్ల అడ్డంగా పరుచుకుంటుంది. గాజు మీది పూత దానికి రంగునిస్తుంది. ఎడిటింగులో వేసిన గీతకూ దీనికీ తేడా ఎక్కడుందో నాకప్పుడు తెలిసింది. ఇది టార్చి పట్టుకున్న చేతి మాట వింటోంది.

ఈ గాజుకు మూలపురుషుడు హెన్రీ క్రెతియాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త. ఇవాళ అంతరిక్షంలో తిరుగుతున్న హబుల్ టెలిస్కోపు అద్దాల అమరికలో ఈయన పేరు సగం ఉంది, దాన్ని రిచీ-క్రెతియాన్ పద్ధతి అంటారు. నక్షత్రాలను చూడ్డానికి అద్దాలు అమర్చిన మనిషే 1920ల చివర్లో, వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిలిం మీదికి ఎక్కించే లెన్సు తయారుచేశాడు. ప్రొజెక్టర్‌కు అలాంటి గాజే మరొకటి తగిలిస్తే, నొక్కుకుపోయిన బొమ్మ మళ్ళీ విప్పారుతుంది. దానికి ఆయన హైపర్‌గొనార్ అని పేరు పెట్టాడు. పాతికేళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అమెరికాలో టీవీ ఇంటింటికీ వచ్చి హాళ్ళు ఖాళీ అవుతున్నప్పుడు ట్వంటియత్ సెంచురీ ఫాక్స్ కంపెనీ ఆయన్ను వెతుక్కుంటూ వెళ్ళింది. 1953లో ‘ది రోబ్’ వచ్చింది, సినిమాస్కోప్ అన్న మాట ప్రపంచమంతా పాకింది. ఒక మనిషి చేసిన పనికి అవసరం ఇంత ఆలస్యంగా రావడం, అది కూడా ఆయన బతికుండగానే రావడం తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మా ఊరి హాల్లో ఈ నొక్కడం, విప్పడం రెండూ కళ్ళతోనే చూసేవాళ్ళం. మొదట న్యూస్ రీలు మామూలు సైజులో పడేది. అది అయ్యాక ఆపరేటర్ ప్రొజెక్టర్ ముందు స్కోప్ లెన్సు బిగించాలి. ఒక్కోసారి ఆలస్యమయ్యేది. టైటిల్స్ అయిపోయి మొదటి సీను మొదలైపోయేది. తెర మీద హీరో, హీరోయిన్, వాళ్ళ వెనకున్న ఎద్దులబండి, అన్నీ బక్కగా, పొడుగ్గా నిలబడి ఉండేవి. నేల టికెట్టు నుంచి ఈలలు, కేకలు. అంతలో ప్రొజెక్టర్ గదిలో ఏదో కదిలేది, బొమ్మ ఒక్కసారి పక్కలకు విచ్చుకునేది, మనుషులు తమ ఒళ్ళు తాము తిరిగి తెచ్చుకునేవాళ్ళు. సినిమా అంతకుముందే మొదలైనా, నాకు మాత్రం ఆ విచ్చుకోవడమే మొదలు. ఫిలిం మీద ఉన్నదంతా ముందునుంచీ అక్కడే ఉందని, చూడ్డానికి సరైన గాజు లేక కనబడలేదని అప్పుడు ఆలోచించే వయసు కాదు. ఊపిరి బిగపట్టి చూడ్డమే.

తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. చింతపల్లి అడవుల్లో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే హీరో కృష్ణ ముందుకు తోసుకెళ్ళి పూర్తి చేశారు. మా నాన్నతరం వాళ్ళు ఇప్పటికీ ఆ కొండలు తెరంతా నిండిన తీరు చెబుతారు. 1922లో రామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడిన ఆ నేలకు అంత వెడల్పు కావాలి, సందేహం లేదు. కొండ, వాగు, గుంపు, గుర్రాలు... వెడల్పు అనగానే మన మనసు వీటి దగ్గరికే పోతుంది. అల్లూరికి పదిహేనేళ్ళ ముందే, 1959లో, దేశంలో మొట్టమొదటి సినిమాస్కోప్ చిత్రం వచ్చింది. గురుదత్ తీసిన ‘కాగజ్ కే ఫూల్’. అందులో కొండల్లేవు, యుద్ధాల్లేవు. ఖాళీ స్టూడియో ఉంది. పైనుంచి ఏటవాలుగా దిగే వెలుగు పట్టీ ఉంది. ఆ వెలుగుకు అటొకరు, ఇటొకరు. అంత వెడల్పు తెరలో ఎక్కువ భాగం చీకటికీ, దుమ్ముకీ, ఇద్దరి మధ్య దూరానికీ వదిలేశారు గురుదత్, కెమెరామన్ వి.కె. మూర్తి. ఆ సినిమా ఆడలేదు. గురుదత్ ఆ తర్వాత దర్శకుడిగా మరో సినిమా మీద తన పేరు వేసుకోలేదు. వెడల్పు దేనికి అన్న ప్రశ్నకు మన దేశం మొదటి ప్రయత్నంలోనే ఇంత లోతైన జవాబు చెప్పిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వెడల్పు మనుషుల మధ్య ఉన్న ఖాళీని చూపించడానికి.

ఈ మాట అన్నాక అనుమానం కూడా వస్తుంది. ఫ్రెంచి దర్శకుడు గొదార్ 1963లో తీసిన ‘కంటెంప్ట్’లో మరో దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తన పాత్రలోనే కనిపించి, స్కోప్ పాములకూ శవయాత్రలకూ తప్ప మనుషులకు పనికిరాదన్న అర్థంలో ఒక విసురు విసురుతాడు. ఆ సినిమా కూడా స్కోప్‌లో తీసిందే. మనిషి నిలువు ప్రాణి, ఇది అడ్డం తెర. మొదట్లో వచ్చిన లెన్సులు ముఖానికి దగ్గరగా వెళ్తే నొక్కాల్సినంత నొక్కేవి కావు. తెర మీద విప్పేసరికి నటీనటుల బుగ్గలు గవదబిళ్ళలు వచ్చినట్టు ఉబ్బేవి. దాంతో కెమెరా దూరంగా ఉండిపోయేది. ఆ ఇబ్బందిని 1950ల చివరికి పానావిజన్ కంపెనీ తీర్చింది. ముఖం దగ్గరికి వెళ్ళడానికి దారి దొరికింది. కానీ ముఖానికి అటూ ఇటూ మిగిలిన చోటును ఏం చేయాలి? ఆ ప్రశ్నను గాజు తీర్చదు.

ఆ ప్రశ్న అన్నిటికన్నా గట్టిగా ఎదురైంది పెద్ద ఫిలింకు అనమార్ఫిక్ లెన్సు కలిసినప్పుడే. 65 మిల్లీమీటర్ల నెగెటివ్ మీద ఒక్కో ఫ్రేము 52 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు, 23 ఎత్తు. 35 ఎం.ఎం. స్కోప్ ఫ్రేము వెడల్పు 22 మిల్లీమీటర్లు. అంటే పెద్ద ఫిలిం తనంతట తానే వెడల్పు, నొక్కాల్సిన అవసరమే లేదు. అయినా ఎం.జి.ఎం., పానావిజన్ కలిసి దానికీ కొద్దిగా, ఒకటికి ఒకటింబావు చొప్పున నొక్కే లెన్సులు చేయించారు. తెర మీద విప్పితే ఎత్తుకు 2.76 రెట్ల వెడల్పు. ‘రెయిన్‌ట్రీ కౌంటీ’ 1957లో, ‘బెన్ హర్’ 1959లో ఈ లెన్సులతో వచ్చాయి. తర్వాత దీనికే అల్ట్రా పానావిజన్ 70 అని పేరొచ్చింది. ‘బెన్ హర్’లో రథాల పందెం చూసినవాళ్ళకు ఆ వెడల్పు ఏం చేసిందో చెప్పనక్కర్లేదు. నాలుగేసి గుర్రాలు కట్టిన రథాలు పక్కపక్కన తెరలో పడతాయి, ఇంకా చోటు మిగులుతుంది. ఆ సినిమా దర్శకుడు విలియం వైలర్‌కు మాత్రం ఆ మిగిలిన చోటే బాధ. ఇద్దరు మాట్లాడుకునే సీనులో పక్కన అంత ఖాళీ పెట్టుకుని ఏం చేయాలన్నది ఆయన గోడు. ఖాళీగా వదిలితే వెలితి, జనంతో నింపితే కథకు సంబంధం లేని జనం. వైలర్ వంటి మనిషి ఇబ్బంది పడ్డాడంటే దాన్ని కొట్టిపారేయలేం. పట్టుమని పది సినిమాలు దాటకుండానే, 1966లో ‘ఖార్టూమ్’ తర్వాత ఆ లెన్సులు అటకెక్కాయి.

మన దగ్గర 70 ఎం.ఎం. అన్న మాట అప్పటికింకా రావాల్సి ఉంది. ‘షోలే’ను 35లో తీసి 70కి పెంచి ప్రింట్లు వేశారు. తెలుగులో 1986లో ‘సింహాసనం’ మొదటి 70 ఎం.ఎం. చిత్రంగా వచ్చింది, మళ్ళీ కృష్ణే, మళ్ళీ స్వామే. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో హాలు పేరులోనే 70 ఎం.ఎం. చేరిపోయింది.

అల్ట్రా పానావిజన్ లెన్సులను దాదాపు యాభై ఏళ్ళకు మళ్ళీ బయటికి తీయించింది కెమెరామన్ రాబర్ట్ రిచర్డ్‌సన్. టరంటినో సినిమా ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ కోసం. 2015లో విడుదలైంది. పాత గాజులకు కొత్త తొడుగులు వేసి, హాళ్ళలో మూలపడిన 70 ఎం.ఎం. ప్రొజెక్టర్లు బాగుచేయించి చూపించారు. ఇంత శ్రమపడి వాళ్ళు చూపించింది ఏమిటంటే, ఎక్కువ భాగం ఒక గది. మంచు తుపానులో చిక్కుకున్న ఎనిమిది మంది, ఒక పొయ్యి, ఒక కాఫీ కెటిల్. ఇంత వెడల్పు లెన్సుతో గది తీయడమేమిటని అప్పుడు చాలామంది అన్నారు. నాకు మాత్రం వైలర్ ప్రశ్నకు సమాధానం దొరికింది అక్కడే. ఆ గదిలో డైసీ అనే ఆమె గిటార్ పట్టుకుని పాడుతుంటుంది. కాఫీలో విషం కలిసిందని ఆమెకు తెలుసు, మనకూ తెలుసు, తాగబోయేవాడికి తెలియదు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగతా వాళ్ళు ఎక్కడున్నారో, ఎవరి చేతులు ఎక్కడున్నాయో కనిపెట్టుకుని ఉండాల్సిన గది అది. ఖాళీ అనుకున్న చోటల్లా ఎవరో ఒకరు ఊపిరి తీస్తున్నారు. దూరం అక్కడ అలంకారంగా లేదు, ప్రాణానికి సంబంధించిన లెక్కగా ఉంది.

ఇదంతా నేను చూసింది ఇంట్లో టీవీ మీద. 2.76 వెడల్పు బొమ్మ మన టీవీలో పడితే ఎత్తులో మూడో వంతుకు పైగా నల్లగా మిగిలిపోతుంది. సన్నటి పట్టీలో ఎనిమిది మంది. చూస్తున్నంతసేపూ ఏదో తక్కువైన బాధ. ఏమిటది? బొమ్మ మొత్తం కనబడుతోంది కదా, వెలితి ఎందుకు? చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. పెద్ద తెర ముందు కూర్చుంటే ఈ చివర మనిషి నుంచి ఆ చివర మనిషి దగ్గరికి చూపు నడిచి వెళ్ళాలి. ఒక్కోసారి తల కూడా తిప్పాలి. ఆ నడకకు కొంచెం కాలం పడుతుంది. ఇద్దరి మధ్య దూరం మనకు తెలిసేది ఆ కాలంలోనే. స్కోప్ తెర మనిషి చూపుకు దగ్గరగా ఉంటుందని, రెండు కళ్ళూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి అని కొందరంటారు. నాకా మాట పూర్తిగా ఒప్పదు. మనం ఒక్కసారిగా అంత వెడల్పు స్పష్టంగా చూడం, చూపును తిప్పుకుంటూ చూస్తాం. వెడల్పు తెర మన చేత ఆ తిప్పుడు పని చేయిస్తుంది. పెద్ద నెగెటివ్ ఉంటేనే తెరను అంత పెద్దది చేసినా ముఖాలు అలుక్కుపోవు. ఫిలిం పెద్దదవడానికీ లెన్సు వెడల్పవడానికీ సంబంధం ఇక్కడే ఉందనుకుంటాను. ఫోనులో రెండంగుళాల పట్టీ మీద చూపుకు నడిచే పనే లేదు. అక్కడ మిగిలేది నల్ల పట్టీలూ, నీలి గీతా.

మా పిన్ని మనవరాలి వీడియోలోనే అడ్డుతెర ఘట్టం ఉంది. మన పెళ్ళిలో అంతకన్నా వెడల్పు తెరకు తగిన క్షణం ఇంకోటి లేదు. ఇటు గంపలో కూర్చుని వచ్చిన పిల్ల, అటు పెళ్ళికొడుకు, మధ్యలో నిలువుగా పట్టుకున్న పసుపు గుడ్డ. ఇద్దరికీ అవతలి మనిషి కనబడదు, చూసే మనకు ఇద్దరూ కనబడతారు. ఆమె తల వంచి గుడ్డ అంచును చూస్తోంది. అతను జీలకర్రా బెల్లం పట్టుకున్న వేళ్ళు కదలకుండా పట్టుకుని ఉన్నాడు. కెమెరా కాస్త వెనక్కి తగ్గి, పక్కనుంచి, గుడ్డ అంచు మీదుగా కదలకుండా నిలబడి ఉంటే చాలు. వీడియోలో అది లేదు. ఆమె ముఖం, అతని ముఖం, మళ్ళీ ఆమె, మళ్ళీ అతను. తెర ఎంత వెడల్పుగా ఉన్నా ఇద్దరూ ఒకే చోట ఒక్కసారీ లేరు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి మనసొప్పదు. ఆ సమయానికి ఫ్రేములో అడ్డం వచ్చే మేనమామలు, ఫోనులు ఎత్తి పట్టుకున్న స్నేహితులు, పక్కకు జరగమని ఎవరికి చెప్పగలడు? నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. గీతను అరువు తెచ్చుకున్నాం, గీత ఏ వెడల్పులోంచి పుట్టిందో దాన్ని తెచ్చుకోలేదు.

మా ఫోకస్ పుల్లర్ స్నేహితుడు ఇంకో చిక్కు చెప్పాడు. ఇప్పుడు డిజిటల్ కెమెరాల్లోనూ పెద్ద సెన్సర్లు వచ్చాయి. అలెక్సా 65 సెన్సర్ వెడల్పు 54 మిల్లీమీటర్లు, పాత పెద్ద ఫిలింతో దాదాపు సమానం. కెమెరామన్ గ్రెగ్ ఫ్రేజర్ ‘రోగ్ వన్’ సినిమాకు అల్ట్రా పానావిజన్ లెన్సులను ఆ కెమెరాకే తగిలించాడు. మిగతా పెద్ద సెన్సర్లకు సగానికి నొక్కే పాత లెక్క కుదరదు. వాటి ఆకారం వేరు, విప్పితే అవసరానికి మించి వెడల్పవుతుంది. అందుకే కుక్ కంపెనీ 1.8 రెట్లు, పానావిజన్ వాళ్ళ అల్ట్రా విస్టా 1.65 రెట్లు నొక్కేలా కొత్త గాజులు తయారయ్యాయి. ఇంత పెద్ద సెన్సర్ మీద ముఖం స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది, ఫోకస్ అంత పలచన. ఫ్రేమేమో ఇద్దరినీ కూర్చోబెట్టమంటుంది, ఫోకస్ ఒక్కరినే చూడమంటుంది. ఇద్దరూ ఒకే దూరంలో కూర్చుంటే సరే. ఒకరు ముందుకు వంగితే? మాట మాట్లాడేవాడి మీద పెట్టాలా, వినేవాడి మీద పెట్టాలా? డైరెక్టర్ అప్పటికి ఏమీ చెప్పడు, నా వేళ్ళే నిర్ణయించుకోవాలి అన్నాడు. చాలాసార్లు తను వినేవాడి దగ్గరే ఆగిపోతానని కూడా చెప్పాడు. మాట ఎటూ వినబడుతుంది కదా అని.

ఇంకో సంగతి కూడా నన్ను ఆలోచనలో పడేస్తుంది. ఈ కొత్త గాజుల్లో కొన్నింటిని కావాలనే పూర్తి శుభ్రంగా చేయడం లేదు. అంచుల్లో కాస్త మెత్తదనం, వెలుగు తగిలితే గీత, మసకలో కోల చుక్కలు ఉండనిస్తున్నారు. ఒకప్పుడు ఇంజినీర్లు తొలగించడానికి జీవితాలు ధారపోసిన లోపాలివి. వీటి కోసం ఇప్పుడు కెమెరామన్లు వెతుక్కుంటూ వెళ్తున్నారంటే అది ఉత్త ఫ్యాషనా? నాకలా అనిపించదు. సెన్సర్ ఎంత స్పష్టంగా చూస్తే, మనకూ దృశ్యానికీ మధ్య ఎవరో నిలబడి చూశారన్న గుర్తు అంతగా చెరిగిపోతుంది. గాజు వదిలిన మరక ఆ గుర్తును నిలబెడుతుంది. పెళ్ళి వీడియోలో గీత అడిగి వేయించుకున్న పిల్లల కోరిక కూడా ఇదే కావచ్చు, తమ పెళ్ళిని సీసీ కెమెరా చూసినట్టు కాక ఒక మనిషి చూసినట్టు ఉండాలని. ఆ కోరిక మీద నాకు ప్రేమే ఉంది. గీత వాళ్ళకు ఆ మనిషిని ఇవ్వలేకపోయింది, అదే నా దిగులు.

2025లో ర్యాన్ కూగ్లర్ ‘సిన్నర్స్’ వచ్చింది. కెమెరా ఆటమ్ డ్యూరాల్డ్ ఆర్కపా. కొంత భాగం ఐమాక్స్ ఫిలిం మీద, కొంత అల్ట్రా పానావిజన్ 70లో తీశారు. ఈ రెండూ ఒకే సినిమాలో కలవడం అదే మొదటిసారి. 1932 నాటి మిసిసిపీ, పత్తి చేలు, ఊరికి తిరిగొచ్చిన కవల అన్నదమ్ములు. ఇద్దరూ మైఖేల్ బి. జోర్డనే. మొదట్లోనే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి సిగరెట్ మారుతుంది. ఇద్దరు మనుషులుగా వేషం వేసిన ఒక్క నటుడి మధ్య ఆ చేతి దూరం నమ్మించాలంటే ఎంత పని ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను గమనించింది అది కాదు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎంత దగ్గరగా నిలబడినా ఫ్రేములో మిగిలిన చోటంతా ఆ ఊరిది, ఆ నేలది, వాళ్ళను ఎప్పటికీ సొంతం చేసుకోని దేశానిది. వైలర్‌ను విసిగించిన ఖాళీలో కూగ్లర్ చరిత్రను నిలబెట్టాడు. నాకు ఆ సినిమాను ఒక్కసారైనా అసలు 70 ఎం.ఎం. ప్రింటు మీద, చూపు ఈ చివర నుంచి ఆ చివరకు నడవాల్సినంత దగ్గరి వరసలో కూర్చుని చూడాలని ఉంది. అన్న ముఖం నుంచి తమ్ముడి ముఖం దాకా వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో నా మెడకే తెలియాలి.